ఏడో పిల్లరు మీద టిక్కు

"ముందు ఆ రాయిని బల్ల మీంచి తియ్యండి. తర్వాత ఎంతసేపైనా పోట్లాడుకోండి" అంది అత్తగారు వంటింట్లోంచి. పొద్దుటినుంచి ఆవిడ ఆ మాట అనడం అది నాలుగోసారి.

ఎవరూ తియ్యలేదు. అసలది రాయి కాదు, కాంక్రీటు దిమ్మ. జానెడుకి కాస్త తక్కువ పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు. నిన్న సాయంత్రం కోడలు పై అధికారితో చెప్పి దాన్ని ల్యాబ్ నుంచి స్కూటర్ మీద పెట్టుకుని ఇంటికి తెచ్చింది. అప్పటినుంచీ భోజనాల బల్ల మధ్యలో, పాత పేపరు మీద, అల్లుడిగారిలా కూర్చుంది.

దాని పక్కనే ఉప్పు సీసా కింద ల్యాబు రిపోర్టు కాయితం ఉంది. దాని మీద కోడలు సంతకం పడితే, రేపు పొద్దున్నే ఆసుపత్రి కొత్త భవనానికి స్లాబు పోస్తారు. పడకపోతే పొయ్యరు.

"మధ్యాహ్నానికల్లా అది ఆసుపత్రి ఇంజనీరు చేతిలో ఉండాలి" అన్నాడు భర్త. "అరవైమంది పనివాళ్ళకి చెప్పాను. వాళ్ళకేం సమాధానం చెప్పను? మా ఆవిడ అలిగింది, రావద్దని చెప్పనా?"

"నేనేం అలగలేదు."

"దిమ్మలు పాసయ్యాయా, లేదా? అదొక్కటీ చెప్పు."

"అయ్యాయి. కావలసినదానికంటే చాలా ఎక్కువకే అయ్యాయి."

"మరింకేం? నూటికి నూరు తెచ్చుకున్న పిల్లాణ్ణి బెంచీ ఎక్కించే టీచర్ని ఇప్పుడే చూస్తున్నాను."

"కాపీ కొట్టాడని అనుమానం వస్తే ఎక్కిస్తారు" అంది కోడలు.

ఆ మాటతో వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది.

కోడలు పని చేసేది సిమెంటూ, కాంక్రీటూ పరీక్షించే ల్యాబులో. ఎవరు పిల్లర్లు పోసినా, అదే కాంక్రీటు మాలుతో మూడు దిమ్మలు కూడా పోసి ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళలో ఉంచి అక్కడికి పంపాలి. మిషను వాటిని నొక్కి పగలగొట్టి, పిల్లరు ఎంత బరువు మొయ్యగలదో చెబుతుంది. వచ్చిన దిమ్మ మీద కాంట్రాక్టరు పేరుండదు, పచ్చిగా ఉన్నప్పుడు మేకుతో గీసిన పిల్లరు అంకె మాత్రం ఉంటుంది. ఎవరిదో తెలియకుండా పరీక్ష జరగాలని ఆ ఏర్పాటు.

కానీ ఈ దిమ్మల మీదున్న ఏడు అంకె నడుముకి అడ్డంగా గీత ఉంది. ఏడుకి అలా బెల్టు కట్టే మనిషి ఆవిడకి తెలిసి ఒక్కరే. ఆ మనిషితో ఆరేళ్ళుగా కాపురం చేస్తోంది. రెండు దిమ్మలు మిషనులో పగిలాక, మూడోదాని మీద ఆ ఏడు చూసి ఆగిపోయింది.

"ఏముంది దీంట్లో?" భర్త దిమ్మని వేలితో పొడిచాడు. "ఎక్కడైనా బీట ఉందా? గుల్ల ఉందా?"

"లేదు. అదే నా బాధ. ఒక్క చిల్లు లేదు, ఒక్క మూల విరగలేదు. మన సైటు దిమ్మలు నేను చూడలేదా? హడావిడిలో పోసినవి ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఇంత అందమైన దిమ్మ మన సైట్లో పుట్టదు. ఇది పిల్లరు మాలు కాదు."

"ఓహో! అందంగా ఉండటం కూడా తప్పేనన్నమాట."

"ఏ మాలుతో పోశారో చెప్పండి. సంతకం పెడతాను."

భర్త బల్ల ఆ చివర కూర్చున్న తండ్రి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "నాన్న నిన్న ఇరవై నాలుగు పిల్లర్లూ కొట్టి చూశారు. ఏడోదానికి కూడా టిక్కు పెట్టారు. నీ మిషను గొప్పదా, నాన్న చెవి గొప్పదా?"

ఆ ఒక్క ప్రశ్నకి ఈ ఇంట్లోనే కాదు, ఈ వృత్తిలోనే ఎవరి దగ్గరా జవాబు లేదు.

బల్ల చివర కూర్చున్న ఆ పెద్దమనిషిని లోకమంతా మట్టం మేస్త్రి అంటుంది. చేత తాపీ పట్టుకుని మొదలుపెట్టి కాంట్రాక్టరయిన మనిషి. చొక్కా జేబులో కలం బదులు చిన్న రసమట్టం ఉంటుంది. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు అందరూ పిల్లని చూస్తుంటే ఈయన ఆ రసమట్టం తీసి టీపాయి మీద పెట్టాడు. బుడగ పక్కకి పోయింది. మారుమాట్లాడకుండా కాయితం మడిచి టీపాయి కాలి కింద దోపి, మళ్ళీ చూసి, తృప్తిగా టీ తాగాడు. ఆ రోజు ఆయన అడిగిన ప్రశ్న అదొక్కటే. ఆ కథ చెప్పుకుని కోడలి పుట్టింటివాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు.

కానీ ఆయన సుత్తి పడితే ఎవరూ నవ్వరు. స్లాబుకి ఒకటి రెండు రోజుల ముందు చిన్న సుత్తితో ఒక్కో పిల్లరునీ పై నుంచి కింది దాకా కొట్టుకుంటూ పోతాడు. కళ్ళు మూసుకుని వింటాడు. లోపల అరచేతంత గుల్ల ఉన్నా అక్కడ ఆగుతాడు, సుద్దతో ఇంటూ గీస్తాడు. బాగుంటే టిక్కు. ఆయన ఇంటూ పెట్టిన చోట పగలగొట్టి చూసినవాళ్ళెవరూ ఇంతవరకూ ఉత్త చేతులతో పోలేదు. ఆయనంటే పడని కాంట్రాక్టర్లు కూడా బండి పంపి ఆయన్ని తీసుకెళ్ళి తమ పిల్లర్లు కొట్టించుకుంటారు. "మట్టం మేస్త్రి విన్నాడు" అంటే ఏ ఆఫీసులోనూ మరో మాట ఉండదు.

పైగా ఈమధ్య ఆయన మాట్లాడటం బాగా తగ్గించేశాడు. ఎవరేమన్నా తొణకడు, బెణకడు. అడిగినదానికి ఒక్కోసారి జవాబే రాదు. ఆ మౌనానికి ఇల్లంతా హడలి చస్తుంది. అడిగినవాడే తన ప్రశ్నలో తప్పేముందో వెతుక్కుని, సిగ్గుపడి వెళ్ళిపోతాడు.

ఇప్పుడు కూడా అంతే. కొడుకూ కోడలూ గంటకు పైగా అరుచుకుంటున్నా ఆయన పన్నెత్తి మాట్లాడలేదు. చేతి కింద దిమ్మ ఉంది. దాన్ని తన వైపు లాక్కుని, బొటనవేలితో ఒక్కో ముఖాన్నీ రాస్తున్నాడు.

కోడలు లేచి వంటింట్లోకి వెళ్ళింది. భర్త వెనకే వచ్చాడు. అత్తగారు తను అక్కడ లేనట్టే కూరగాయలు తరగడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు చెప్పండి" అంది కోడలు. "అరవక్కర్లేదు. నాకు చెప్పండి చాలు."

భర్త గట్టుకి ఆనుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గబగబా చెప్పేశాడు.

"ఆ రోజు ఏడోది సగం నిండేసరికి మాలు గట్టిపడిపోయింది. పంపు బిగుసుకుంది. మధ్యలో ఆపితే అతుకు పడుతుంది, నీకు తెలుసుగా. జారేలాగ చెయ్యండి, నీళ్ళు పొయ్యండి అన్నాను. రెండు బకెట్లు అనుకున్నా. ఎన్ని పోశారో చూడలేదు."

"తర్వాత?"

"తర్వాత దిమ్మలు పొయ్యాలిగా. ఆ మాలుతో పోస్తే నీ మిషన్లో పొడైపోతాయని తెలుసు. విడిగా ఒక తట్టెడు మాలు కలిపాను. నా చేత్తో నేనే పోశాను."

"ఆ రోజే చెప్పుంటే పగలగొట్టి మళ్ళీ పోసుకునేవాళ్ళం కదండీ! రెండు రోజుల పని."

"ఎవరికి చెప్పను? నాన్నకా?"

కోడలు పక్కకి వచ్చి తనూ గట్టుకి ఆనుకుంది.

"నాకు ఇరవై ఏళ్ళప్పుడు ఒక గోడ వేలెడు వాలింది. నేను కట్టించిన గోడే. ఆయన వచ్చి చూశారు. బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నారు. నా చేతికి సమ్మెట ఇచ్చారు. అందరూ చూస్తుండగా సాయంత్రం దాకా ఆ గోడంతా నేనొక్కణ్ణే పడగొట్టాను. ఒక్క మాట అనలేదాయన. తిట్టినా బాగుండేది."

"భయపడి దొంగ దిమ్మ పోశారా?"

"భయం కాదు. అంతటి మనిషి కడుపున పుట్టి, ఆయన ముందు మళ్ళీ ఆ సమ్మెట పట్టుకుని నిలబడలేక." కళ్ళు తుడుచుకున్నాడు. "నిన్న ఆయన ఏడోదాని దగ్గరికి వస్తుంటే నా పని అయిపోయిందనుకున్నా. కొట్టారు. చెయ్యి ఆనించారు. టిక్కు పెట్టి ఎనిమిదోదానికి వెళ్ళిపోయారు. నా ప్రాణం లేచొచ్చింది. ఆయన చెవి తప్పు వినదు కదా? అంటే ఆ పిల్లరుకి ఏం కాలేదనేగా? నేనే అనవసరంగా బెంగపెట్టుకున్నాననేగా?"

కోడలికి కూడా ఔననాలనే ఉంది. ఆయన చెవిని కాదనడానికి ఆవిడకీ మనసొప్పలేదు.

అప్పుడు అత్తగారు కత్తి కింద పెట్టి, గుమ్మం వైపు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మట్టం మేస్త్రి కుర్చీ వంటింటి గుమ్మానికి రెండు బారల దూరంలో ఉంది. తలుపు బార్లా తెరిచే ఉంది. ఈ మాటలన్నీ గోడలకే వినపడి ఉంటే, ఆయనకి వినపడవా?

ముగ్గురూ గుమ్మంలోంచి చూశారు. ఆయన దిమ్మని చివరిసారి తిప్పి చూశాడు. లేచాడు. అలమరలోంచి సుత్తి తీసి జేబులో వేసుకున్నాడు. ఆ బరువైన దిమ్మని రెండు చేతులతో గుండెకి ఆనించి ఎత్తుకున్నాడు. కొడుకు వైపు చూడలేదు.

"అమ్మాయ్, చెప్పులేసుకో. సైటుకి పోదాం" అన్నాడు.

"అంతా విన్నారు" అంది అత్తగారు గొణుగుతూ. "అంతా విని కూడా ఎలా ఉన్నారో చూడు మనిషి!"

కోడలు ఉప్పు సీసా కింది కాయితం సంచీలో పెట్టుకుని వెంట నడిచింది. సైటు రెండు వీధుల అవతలే. దారంతా ఆయన దిమ్మ దించలేదు, ఆవిడని పట్టుకోనివ్వలేదు. గేటు దగ్గర సెంట్రింగ్ పనివాళ్ళు ఆయన్ని చూసి బీడీలు పారేసి లేచి నిలబడ్డారు. ఆయన తలూపి లోపలికి నడిచాడు.

కోడలు అన్నేళ్ళుగా దిమ్మలు పగలగొడుతోంది కానీ, పిల్లర్ల మధ్య ఇలా నిలబడటం తక్కువే. లోపల సగం చీకటి. నెత్తిన స్లాబు కోసం పరిచిన రేకులు, వాటిని మోస్తూ వందల కర్రలు. కర్రల మధ్య ఇరవై నాలుగు పిల్లర్లు, తడి గోనెపట్టాల వాసనతో, నిటారుగా, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాయి. వీటి పైన పిల్లల వార్డు వస్తుంది. అక్కడికి వచ్చే తల్లులు పిల్లర్ల నంబర్లు అడగరు, కాయితాలు చదవరు. పిల్లని ఎత్తుకుని నమ్మకంగా మెట్లెక్కేస్తారు.

"ఏ పిల్లరు?" అన్నాడు మామగారు ముందు నడుస్తూ.

"ఏడోది, మామయ్యా."

ఆయన ఆగలేదు. ఏడోది దాటి వెళ్ళిపోయాడు. "ఏ పిల్లరమ్మా?" అన్నాడు మళ్ళీ.

"ఏడు. ఇదే."

ఆయన పదోదాని దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. ఆవిడ పెదాల వైపు చూశాడు.

"ఇలా వెలుతురులోకి వచ్చి చెప్పు. ముఖం కనపడేలాగ."

ఆవిడ వచ్చింది. చెప్పలేదు. రెండు చేతులూ ఎత్తి ఏడు వేళ్ళు చూపించింది. బల్ల దగ్గర రాని జవాబులు, ఇల్లంతా హడలిన ఆ మౌనం, ఇందాక గుమ్మం పక్కన నిశ్చలంగా కూర్చున్న ఆ మనిషి, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

"మామయ్యా, మీకు..."

"రెండేళ్ళయింది" అన్నాడాయన, దిమ్మని జాగ్రత్తగా నేల మీద దించుతూ. "ముందు ఎడమది పోయింది. తర్వాత కుడిది."

"అత్తయ్యకి కూడా తెలీదా?"

"మీ అత్త ఏమంటుందో నాకు ముప్పై ఐదేళ్ళుగా కంఠతా వచ్చు. వినక్కర్లేదు."

నవ్వాలో ఏడవాలో ఆవిడకి తెలియలేదు.

"మరి ఇందాక వంటింట్లో మేము మాట్లాడుకున్నది?"

"ఒక్క ముక్క వినపడలేదు. వాడు తల దించుకుని ఏదో చెబుతున్నాడు, నువ్వు నిలదీస్తున్నావు. అంతవరకు కనపడింది. మిగిలింది ఇది చెప్పింది." దిమ్మని కాలితో చూపించాడు. "ఇసుక జల్లించి, కంకర ఏరి, తీరిగ్గా కూర్చుని పోసింది. పిల్లరు పోసేవాడికి అంత తీరికుండదు. వాడే పోశాడు. గీసిన ఏడు వాడిదే. తప్పు పోత పోసినవాడే ఇంత శ్రద్ధగా దిమ్మ పోస్తాడు."

చెవులు లేకుండా, బొటనవేలితో, ఆయన కొడుకు కథంతా విన్నాడు. ఇంతటి మనిషి ఇంట్లో ఆరేళ్ళు అన్నం వడ్డిస్తూ, ఆయన్ని ఇంత తక్కువ గమనించానా అనుకుంది కోడలు.

"నిన్న దీనికి టిక్కు పెట్టారు కదా మామయ్యా" అంది, ఒక్కో మాటా పెదాలతో స్పష్టంగా. అడగకుండా ఉండలేకపోయింది.

ఆయన ఏడో పిల్లరు దగ్గరికి నడిచాడు. తను గీసిన తెల్లటి సుద్ద గీత మీద అరచెయ్యి పెట్టాడు.

"ఏడని తెలిసీ ఇందాక దీని దగ్గర ఆగలేకపోయాను. చెవి పోయినా చేతికి తెలుస్తుందనుకున్నాను. చాలావాటికి తెలుస్తుంది. దీని దగ్గర అనుమానం వచ్చింది. మళ్ళీ కొట్టాలి. పక్కన సైటు మేస్త్రి ఒకడు నిలబడి నన్నే చూస్తున్నాడు. మట్టం మేస్త్రి ఒకే చోట రెండుసార్లు కొట్టాడంటే సాయంత్రానికి ఊరంతా పాకుతుంది." సుద్ద గీతని బొటనవేలితో రుద్దాడు. "టిక్కు పెట్టాను. వాడు అందమైన దిమ్మ పోశాడు. నేనూ ఒకటి పోశాను, సుద్దతో."

గోనెపట్టాల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ చప్పుడు ఆవిడకి వినపడుతోంది. ఆయనకి వినపడదు.

ఎవరూ నిలదియ్యలేదు. పట్టుబడలేదు కూడా. తన నోటితో తనే చెప్పుకున్నాడు, అదీ కోడలితో. ఆయన సుత్తి పట్టినప్పుడు కూడా ఆవిడకి ఆయనంటే ఇంత గౌరవం కలగలేదు.

"రెండేళ్ళలో ఇంకా ఎన్ని..." అని ఆవిడ ఆగిపోయింది.

ఆయన పెదాలు చదివేశాడు. "రాసి పెట్టాను. అన్నింటికీ తిరిగి వెళ్ళాలి. ముందు దీని సంగతి తేలాలి." సుత్తి తీసి ఆవిడ చేతికిచ్చాడు. "నువ్వు కొట్టు. ముందు ఆరోది, తర్వాత ఇది. నాకేమీ చెప్పక్కర్లేదు. నీ ముఖం చూస్తాను."

బయట మోటార్ సైకిల్ ఆగింది. భర్త కర్రల మధ్యనుంచి వంగి వచ్చాడు. తండ్రి వీపు కనపడగానే ఆగాడు.

"నాన్నా" అన్నాడు.

తండ్రి కదల్లేదు.

"నాన్నా!" ఈసారి గట్టిగా. పైన రేకులు కూడా మోగాయి. తండ్రి చూపు కోడలి ముఖం మీంచి తప్పుకోలేదు.

భర్త ముఖంలోంచి రక్తమంతా దిగిపోయింది. భార్య వైపు చూశాడు. ఆవిడ మెల్లగా తలూపింది.

"కొట్టమ్మా" అన్నాడు మామగారు.

ఆరో పిల్లరుని కొట్టింది. ఖంగుమంది. చప్పుడు పిల్లరంతా పాకి, మోచేతి దాకా వచ్చింది. ఆవిడకి తెలియకుండానే ముఖం విచ్చుకుంది. ఆయన దాన్ని చూసి తృప్తిగా కళ్ళు ఆర్పాడు.

ఏడోదాని ముందు నిలబడింది. టిక్కుకి కింద, బెత్తెడు దూరంలో కొట్టింది.

దబ్‌మంది. బియ్యం మూట మీద కొట్టినట్టు. ఇంకో దెబ్బకి కాస్త పొడి రాలి ఆవిడ పాదాల మీద పడింది.

ముఖాన్ని ఎలా పెట్టుకోవాలో ఆవిడకి తెలియలేదు. ఆ ముఖమే ఇప్పుడు ఆయనకి చెవి. ఒక్క చిరునవ్వు నవ్వితే చాలు. ఆయన పేరు మిగులుతుంది, భర్త సమ్మెట పట్టనక్కర్లేదు, రేపు స్లాబు పడుతుంది. సంచీలో కాయితం ఉంది, కలం ఉంది.

"బాగుందని చెప్పెయ్" అన్నాడు భర్త.

గుసగుసలాడలేదు. తండ్రికి నాలుగడుగుల వెనక నిలబడి, ఇంట్లో మాట్లాడినట్టు మామూలు గొంతుతోనే అన్నాడు.

"నవ్వు. ఒక్కసారి నవ్వు. ఆయనకి వినపడదుగా. పిల్లరు సంగతి ఎలాగోలా నేను చూసుకుంటాను. ఈ వయసులో ఆయనకి ఈ తలవంపులు వద్దు. నీకు దణ్ణం పెడతాను, నవ్వు."

ఆవిడ కళ్ళు మామగారి భుజం మీదుగా ఒక్క క్షణం భర్త వైపు వెళ్ళి వచ్చాయి. ఒక్క క్షణమే.

మట్టం మేస్త్రి వెనక్కి తిరగలేదు. జేబులోంచి సుద్దముక్క తీసి ఆవిడ ముందు అరచేతిలో పెట్టి పట్టుకున్నాడు.

"నా వెనక నిలబడి వాడేమంటున్నాడమ్మా?" అన్నాడు.